ముక్కల లెక్క

త్రియేస్తె రేవులో బోరా గాలి లేచిన రోజు
మా ప్రయోగశాల కిటికీలు పళ్ళు కొరుకుతాయి.
నేను కదలను.
కంటి కింద సూక్ష్మదర్శిని,
బొటనవేలి కింద లెక్కల మీట.
టిక్. ఒక కాలు.
టిక్. రెక్క తొడుగులో సగం.
టిక్. దవడ కాబోలు. దవడే.

గోధుమపిండిని ఆమ్లంలో ఉడికించి
నూనె పోసి కుదిపితే
పిండి అడుక్కి పోతుంది,
పురుగు నూనెను పట్టుకుని పైకొస్తుంది.
చచ్చి, మరలో పడి, పొడై,
సంచిలో సముద్రం దాటి కూడా
తేలడం మరిచిపోదు.
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా
ఈ ఒక్కటీ నాకు పాతబడలేదు.

కాగితం మీద ఒక హద్దు ఉంటుంది.
హద్దు లోపలైతే సంతకం పెడతాను.
సున్నా వచ్చిన రోజు మాత్రం పెట్టను,
దారియోని పిలిచి మళ్ళీ చెయ్యమంటాను.
సున్నా అంటే పిండి శుభ్రమని కాదు,
మనం సరిగా చూడలేదని.

మార్చిలో మా యెల్కా మాంసం మానేసింది.
తర్వాత పాలు, గుడ్లు, ఆఖరికి తేనె.
ముక్క లేనిదే ముద్ద దిగని ఇల్లు మాది.
వాళ్ళ నాన్న ఎజీడియో వారం రోజులు
పళ్ళెంతోనే మాట్లాడాడు.

శనివారాలు దుకాణంలో నేను బండి తోస్తాను,
అది చదువుతుంది.
పొట్లం వెనక, చీమ తలకాయంత అక్షరాలు.
పెదాలు కదుపుతూ, మా అమ్మమ్మ జపమాల తిప్పినట్టు.
ఎర్ర మిఠాయి దగ్గర ఆగి
"ఈ ఎరుపు పురుగుదమ్మా" అని వెనక్కి పెట్టేస్తుంది.
"ఈ రొట్టె మెత్తదనం ఈకలది కావచ్చు.
ఈ వైన్ తేటదనం చేప తిత్తిదట, రాయక్కర్లేదట."
పందొమ్మిదేళ్ళ పిల్లకి ఇంత తెలుసే అనుకుంటే
తెలియనిదాని గురించి భయం వేసింది నాకు.

ఆకు గుర్తున్న పాస్తా పొట్లం ఒకటి బండిలో వేసి
హమ్మయ్య అన్నట్టు నవ్వింది.
ఆ పిండిమర నాకు తెలుసు. ఆ గోదాము తెలుసు.
ఆ పిండి మా బల్ల మీదకొచ్చిన మంగళవారమూ తెలుసు.
పద్నాలుగు.
హద్దుకి చాలా లోపల.
కడుపులో పెట్టుకున్నాను.
ఆ రాత్రి అందరం పెట్టుకున్నాం.

శీతాకాలం మొదట్లో, నేను మరిచిపోయిన కళ్ళజోడు తెచ్చి
"ఒక్కసారి చూడనా" అంది.
వద్దనొచ్చు. జరిగి కూర్చున్నాను.
చాలాసేపు మర తిప్పుకుంది, కన్ను చికిలించింది.
"ఇది ఏ పిండి?"
"మనం తినేదే."
వెనక దారియో కొళాయి కట్టేశాడు.

అరుస్తుందనుకున్నాను.
బల్ల వదిలి వెళ్ళిపోతుందనుకున్నాను.
వెంట్రుకలు చెవి వెనక్కి తోసుకుని
"ఎన్ని?" అంది.
"ఇంకా లెక్కపెట్టలేదు."
"నేను పెడతాను."

మీట దాని చేతికిచ్చాను.
గీత తర్వాత గీత, తప్పిపోతే మొదటికొచ్చి
పంతొమ్మిది అంది. నేను చూస్తే పదిహేడు.
నువ్వు దుమ్మనుకున్నది మీసం అని వాదించింది.
ఒకదాని విషయంలో అది చెప్పిందే నిజం.
పద్దెనిమిది అని రాశాను.
కోటు తొడుక్కుంటూ అంది,
ఎటో చూస్తూ, తగువు మిగిలే ఉన్న గొంతుతో:
"వీటిని లెక్కలో వేసేది నువ్వొక్కదానివేనా అమ్మా?"
జవాబు చెప్పలేదు. దాని చేతి తొడుగు ఒకటి కింద పడితే అందించాను.

ఇప్పటికీ శనివారాలు చదువుతూనే ఉంది.
ఎందుకని నేనడగను, అది చెప్పదు.
నిన్న పిండి జల్లిస్తుంటే
జల్లెడ అంచు మీద నడుస్తూ కనబడింది
ఒక ముక్కుపురుగు.
కాళ్ళన్నీ ఉన్నాయి. రెక్క తొడుగులు రెండూ.
మొత్తంగా ఉన్నదాన్ని చూసి ఎన్నాళ్ళయిందో,
బొటనవేలు దానంతటదే నొక్కబోయి ఆగింది.

కరెంటు బిల్లు కవరు మీద దాన్ని ఎక్కించుకుని
కిటికీ దాకా నడిచింది ఎవరనుకున్నారు, ఎజీడియో.
ఈ గాలికి ఎక్కడ పడుతుందో అని గొణుక్కున్నాడు.
కిటికీ వేస్తూ
ఇల్లంతా చల్లారబెట్టారు మీ ఇద్దరూ అని
మమ్మల్నే తిట్టాడు.